రోజుకు రెండు గ్రాములు



మేముండేది మామిడిపల్లిలో. ఒక పక్క శంషాబాద్ విమానాలు, ఇంకో పక్క 400 కేవీ సబ్‌స్టేషన్ తీగలు, నడుమ ఎండకు నల్లబడ్డ గుండ్లు. ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని, దిగే విమానం ఏ కంపెనీదో తోక రంగు చూసి చెప్పడం ఇప్పుడు నా ఉద్యోగం. మా గల్లీలోనే ఒక కుర్రాడుంటాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టు డ్యూటీ. మొన్న నైట్ షిఫ్టుకు పోతూ బండి ఆపి, ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"సార్, గిది చూడుండ్రి. అణు కరెంటు తీసినంక మిగిలిన చెత్త ఉంటది కదా, దాన్ని నీళ్ల పక్కన పెడితే హైడ్రోజన్ వస్తదంట. కరెంటు అక్కర్లేదంట, మంట అక్కర్లేదంట. రేపు గీ విమానాలన్నీ దాంతోనే నడుస్తయంట. నిజమేనా?"

"సగం నిజం" అన్నాను.

"ఏ సగం సార్?" అన్నాడు. అప్పటికే వాడికి టైమైపోతోంది. ఆ రాత్రి వాడికి చెప్పలేకపోయింది ఇవాళ మీకు చెబుతాను.

మా చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో హైడ్రోజన్‌ను ఉదజని అనేవారు. ఉదకం అంటే నీరు. నీటిని పుట్టించేది అని ఆ మాటకు అర్థం చెప్పేవారు. నీటిలోంచి పుట్టేది అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. నీళ్లను విడగొట్టి ఉదజనిని బయటికి లాగడం కాలేజీ ల్యాబులో పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం. దానికి వాడే గాజు పరికరం మా దగ్గర ఎప్పుడో పగిలిపోయింది. పాత టార్చిలైటు సెల్లులు కొట్టి అందులోని నల్ల కడ్డీలు తీసేవాళ్లం. గాజు తొట్టిలో నీళ్లు, నాలుగు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం, కడ్డీల మీద బోర్లించిన రెండు టెస్టు ట్యూబులు, ఒక బ్యాటరీ. అంతే. స్విచ్చి వేయగానే కడ్డీల చుట్టూ సన్నటి బుడగలు పట్టేవి, ఆవాలు చల్లినట్టు. ఒక గొట్టంలో గాలి ఒక వంతు చేరేసరికి రెండో దాంట్లో రెండు వంతులు. ఆ రెండో గొట్టం మూతి దగ్గర మండే పుల్ల పెడితే 'టప్' మని చప్పుడు. ఆ చప్పుడు విన్న పిల్లవాడు నీరంటే ఏమిటో జన్మలో మరిచిపోడు.

ఇక్కడ నీటిని విడగొట్టింది కరెంటు. కరెంటు లేకుండా రేడియేషన్ కూడా ఈ పని చేస్తుందా? చేస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 1902లో జర్మనీలో ఫ్రెడ్రిక్ గీజెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రేడియం బ్రోమైడ్‌ను నీళ్లలో కరిగించి పెడితే, ఆ ద్రావణంలోంచి ఆగకుండా గాలి బుడగలు వచ్చాయి. కింద దీపం లేదు, పక్కన బ్యాటరీ లేదు. వచ్చింది హైడ్రోజన్, ఆక్సిజన్. రేడియం కనిపెట్టి అప్పటికి నాలుగేళ్లే. అంటే నూట ఇరవై ఏళ్ల పాత వార్త మా కుర్రాడి ఫోనులోకి మొన్న వచ్చిందన్నమాట.

లోపల జరిగేదేమిటో కాస్త దగ్గరికి వెళ్లి చూద్దాం. గామా కిరణం ఒకటి నీళ్లలోకి వచ్చిందనుకోండి. అది నేరుగా నీటి అణువును ముక్కలు చేయదు. దారిలో ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి తరుముతుంది. ఆ ఎలక్ట్రాన్ పరిగెత్తుతూ ఇంకా కొన్నిటిని ఊడగొడుతుంది. అలా అది పోయిన దారి పొడవునా అక్కడక్కడ చిన్న చిన్న గుంపులు మిగులుతాయి. ఒంటరి హైడ్రోజన్ పరమాణువులు, ఒంటరి ఎలక్ట్రాన్లు, ఓహెచ్ అనే తుంటరి ముక్కలు. ఒంటరిగా ఉన్న ఏ ముక్కకూ నిలకడ ఉండదు, జోడీ వెతుక్కుంటుంది. రెండు హైడ్రోజన్లు ఎదురుపడితే హైడ్రోజన్ వాయువు. హైడ్రోజన్‌కు ఓహెచ్ ఎదురుపడితే మళ్లీ నీళ్లే. ఎవరికి ఎవరు ఎదురుపడతారన్నది గుంపు ఎంత చిక్కగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మా పక్కనే బాలాపూర్. వినాయక నిమజ్జనం రోజున లడ్డూ వేలం పాట జరిగే చోట నిలబడితే, అడుగు వేయకుండానే నలుగురు మీకు తగులుతారు. అదే రోజు మా పొలాల దారిలో నడిస్తే మైలుకు ఒక మనిషి కనిపిస్తే గొప్ప. యురేనియం, ప్లుటోనియం లాంటివి వదిలే ఆల్ఫా కణం నీళ్లలో చేసే దారి బాలాపూర్ వేలం లాంటిది. ముక్కలన్నీ ఒక్కచోటే పుట్టి ఒకదాన్నొకటి ఢీకొంటాయి, హైడ్రోజన్ ఎక్కువ తయారవుతుంది. గామా కిరణం దారి మా పొలం దారి. ముక్కలు దూరదూరంగా పుడతాయి, జోడీ కుదరడం కష్టం.

రేడియేషన్ కెమిస్టులు ఈ దిగుబడిని నూరు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి ఎన్ని అణువులు అని కొలుస్తారు. గామా కిరణాలకు హైడ్రోజన్ లెక్క 0.45. సగం అణువు కూడా లేదు. ఆల్ఫాకు దాదాపు మూడు రెట్లు వస్తుంది. కానీ ఆల్ఫా కణం నీళ్లలో వెంట్రుక మందం దాటడం కూడా కష్టం. దాన్ని వాడుకోవాలంటే ఆ విషపదార్థాన్ని నీళ్లలోనే కలపాలి. అలా కలిపిన నీళ్లు ఇక దేనికీ పనికిరావు.

ఇప్పుడు అణు వ్యర్థంలోంచి తీసిన సరుకు దగ్గరికి వద్దాం. అందులో అందరికీ తెలిసింది సీజియం-137. ముప్పయ్యేళ్లకు సగమవుతుంది, గట్టి గామా కిరణాన్ని వదులుతుంది. ఒక గ్రాము సీజియంలో సెకనుకు మూడు లక్షల కోట్లకు పైగా పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. ఆ అంకె వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. మా కుర్రాడి ఫోను ఆశ పెట్టిందీ అలాంటి అంకెతోనే.

శ్రోతలు కాగితం పెన్సిలు వెతుక్కోనక్కర్లేదు, లెక్క నేనే చేసి పెట్టాను. ఒక కిలో స్వచ్ఛమైన సీజియం-137 తీసుకుందాం. కిలో అంటే ఊహకందనంత ఎక్కువ. ఆసుపత్రి యంత్రాల్లో వాడేది గ్రాముల్లోనే ఉంటుంది. ఆ కిలో వదిలే గామా శక్తి సుమారు 290 వాట్లు. నాలుగు ఫ్యాన్ల కరెంటు. అందులో ఒక్క కిరణం కూడా వృథా పోకుండా మొత్తం నీళ్లలోనే దిగిందనుకుందాం. పుట్టిన హైడ్రోజన్ మళ్లీ నీళ్లుగా మారిపోకముందే మొత్తం పట్టేశామనీ అనుకుందాం. రోజంతా కలిపి వచ్చేది రెండు గ్రాముల చిల్లర. ఒక కిలో హైడ్రోజన్ పోగవడానికి ఏడాది మీద రెండు నెలలు. ఆ కిలోతో హైడ్రోజన్ బస్సు పది పన్నెండు కిలోమీటర్లు పోతుంది. మా ఊరి నుంచి శంషాబాద్ బస్టాండు దాకా అనుకోండి.

మిగిలిన శక్తి ఏమైందంటారా? నీళ్లను కాస్త వెచ్చబెట్టింది. గామా కిరణం తెచ్చిన శక్తిలో నూటికి ఒక పాలు చిల్లర మాత్రమే హైడ్రోజన్‌లో నిలుస్తుంది.

ఇంకో వైపు నుంచి చూడండి. మా ఇంటి మీద ఒక సోలార్ పలక ఉంది, 540 వాట్లది. మామూలు రోజున రెండు యూనిట్లకు పైగా కరెంటు ఇస్తుంది. ఈ రోజుల్లో కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలకు కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. అంటే ఆ ఒక్క పలక రోజుకు నలభై గ్రాముల హైడ్రోజన్ పెట్టు. సీసపు గోడల వెనక దాచి, దూరం నుంచి మరచేతులతో పట్టుకోవాల్సిన కిలో సీజియం ఇచ్చేది రెండు గ్రాములు. పావురాలు రెట్టలు వేసే పలక ఇచ్చేది నలభై.

ఆ కిలో సీజియం ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడాలి. మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది కదా, 1971లో పెట్టారు. మన భారజల రియాక్టర్లకు ఇంధనం అక్కడే తయారవుతుంది. జార్ఖండ్‌లోని జాదూగూడ నుంచి, మన కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి వచ్చే పసుపుపచ్చ యురేనియం ముడిసరుకును శుద్ధి చేసి, నల్లటి చిన్న బిళ్లలుగా ఒత్తి, 1,700 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ కొలిమిలో గాలి ఉండకూడదు. అక్కడ నింపేది హైడ్రోజనే. బిళ్లల్ని జిర్కోనియం గొట్టాల్లో పేర్చి, చిన్న రియాక్టర్లకైతే పంతొమ్మిది గొట్టాలు కలిపి ఒక కట్టగా కడతారు. మోకాలెత్తు ఉంటుందేమో, బరువు పదహారు కిలోలపైనే. అలాంటి మూడు వందల కట్టలు రియాక్టర్లో పూర్తిగా కాలితే అందులో ఒక కిలో సీజియం-137 ఉంటుంది. కాలుతూ ఆ మూడు వందల కట్టలు ఇచ్చిన కరెంటు దాదాపు 19 కోట్ల యూనిట్లు. ఆ కరెంటుతోనే నీటిని విడగొడితే వచ్చే హైడ్రోజన్ ముప్పై అయిదు లక్షల కిలోలు. మిగిలిన సీజియం పూర్తిగా ఆరిపోయేదాకా, తరాల తరబడి, నీళ్ల పక్కన పెట్టుకు కూర్చుంటే వచ్చేది నలభై కిలోల లోపు. చెరుకు రసం తాగేశాక పిప్పిని మళ్లీ గానుగలో పెట్టినట్టు.

ఇవి నేను గుండ్రంగా కట్టిన లెక్కలు. అటో పది శాతం ఇటో పది శాతం. ఎటు జరిపినా కథ మారదు.

విచిత్రమేమిటంటే, అణు విద్యుత్ కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు ఈ హైడ్రోజన్ కావాల్సిన సరుకు కాదు, వదిలించుకోవాల్సిన తలనొప్పి. మన రియాక్టర్లలో ఇంధనం చుట్టూ ఉండేది భారజలం. గోదావరి నీళ్లలో హైడ్రోజన్ పరమాణువులు ఆరేడు వేలు ఏరితే ఒక బరువైన హైడ్రోజన్ దొరుకుతుంది. మణుగూరు ప్లాంటులో దాన్నే ఏరి ఏరి భారజలం చేస్తారు. అంత కష్టపడి తెచ్చిన నీటిని రియాక్టర్లో రేడియేషన్ క్షణక్షణం విడగొడుతూ ఉంటుంది. నీటి పైభాగంలో హీలియం నింపి ఉంచుతారు. విడిపోయిన వాయువులు ఆ హీలియంలో చేరతాయి. గాలిలో హైడ్రోజన్ నూటికి నాలుగు పాళ్లు దాటితే అంటుకుంటుందని మన పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. అందుకని ఆ హీలియాన్ని తిప్పుతూ, ఉత్ప్రేరకం మీదుగా పంపి, విడిపోయిన రెంటినీ మళ్లీ కలిపి నీళ్లు చేసి వెనక్కి పంపుతారు. రియాక్టరు విడగొట్టేది, మనిషి కలిపేది. ఈ సంసారం ఇరవై నాలుగ్గంటలూ సాగుతుంది.

ఇంకా వింత అమెరికాలో జరిగింది. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్ రియాక్టరు వేడెక్కి, ఇంధనం చుట్టూ ఉన్న జిర్కోనియం ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టింది. రియాక్టరు పాత్ర పైభాగంలో పెద్ద బుడగ నిలిచింది. రేడియేషన్ నీటిని విడగొడుతూ ఆ బుడగలోకి ఆక్సిజన్ పంపిస్తుందని, రెండూ కలిసి పేలతాయని కొందరు అధికారులు లెక్కవేశారు. దేశమంతా రెండు రోజులు ఊపిరి బిగబట్టింది. లెక్క తప్పు. నీళ్లలో అప్పటికే హైడ్రోజన్ నిండుగా కరిగి ఉన్నప్పుడు, రేడియేషన్ పుట్టించే ఓహెచ్ ముక్కలు ఆ హైడ్రోజన్‌నే పట్టుకుని మళ్లీ నీళ్లవుతాయి. ఆక్సిజన్ మిగలదు. విడగొట్టే చెయ్యే కలిపే చెయ్యి కూడా. ప్రపంచంలో చాలా రియాక్టర్లలో నీళ్లు విడిపోకుండా ఉండటానికి కావాలనే కాస్త హైడ్రోజన్ కలుపుతారు. ఫోనులో వచ్చిన వీడియోవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. స్వచ్ఛమైన నీళ్లను మూత బిగించి గామా కిరణాల ముందు ఎంతకాలం పెట్టినా హైడ్రోజన్ ఒక స్థాయి దాటి పెరగదు.

ఫుకుషిమా సంగతి వేరు. 2011 మార్చిలో అక్కడ కప్పులు ఎగిరిపోయింది ముఖ్యంగా జిర్కోనియం, ఆవిరి కలిసి పుట్టించిన హైడ్రోజన్ వల్ల. ఆ తరవాత మన కేంద్రాల్లోనూ కరెంటుతో పనిలేకుండా హైడ్రోజన్‌ను తనంతట తానే నీళ్లుగా మార్చే ఉత్ప్రేరక పలకలు పెట్టడం మొదలైంది.

అయితే వ్యర్థంలోంచి ఏరిన సరుకుకు విలువ లేదా? ఉంది, చాలా ఉంది. మన దేశం వాడిన ఇంధనాన్ని చెత్తగా చూడదు. 1964 నుంచే ట్రాంబేలో దాన్ని కరిగించి, పనికొచ్చేది వేరు చేస్తున్నారు. ఇప్పుడు భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు ఆ ద్రవంలోంచి సీజియాన్ని విడిగా తీసి, గాజులో కలిపి, స్టీలు తొడుగులో పోసి పెన్సిళ్లలా చేస్తారు. అవి రక్త నిధులకు వెళతాయి. బోన్ మ్యారో మార్పిడి చేయించుకున్నవాళ్లకు రక్తం ఎక్కించే ముందు ఆ సంచిని ఈ పెన్సిళ్ల మధ్య కాసేపు ఉంచుతారు. దాత రక్తంలోని తెల్లకణాలు రోగి శరీరం మీద తిరగబడకుండా అణిగిపోతాయి.

గాజే ఎందుకంటే దానికో కథ ఉంది. 1987లో బ్రెజిల్‌లోని గొయానియా ఊళ్లో పాడుబడ్డ ఆసుపత్రిలోంచి పాత ఇనుముకోసం ఒక యంత్రాన్ని ఎత్తుకుపోయారు. అందులో సీజియం ఉప్పు రూపంలో, పొడిగా ఉంది. చీకట్లో నీలంగా మెరుస్తోందని ఇంటింటికీ పంచుకున్నారు, పిల్లలు ఒంటికి పూసుకున్నారు. నలుగురు చనిపోయారు. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, చేతికి అంటుతుంది, గాలికి ఎగురుతుంది. గాజు ఆ పనులేవీ చేయదు. సీజియాన్ని నీళ్ల పక్కన పెట్టి హైడ్రోజన్ తీద్దామనే ప్రతివాళ్లూ ముందు ఈ కథ చదవాలి.

అలాగే స్ట్రాంషియం-90 నుంచి పుట్టే ఇట్రియం-90 క్యాన్సర్ చికిత్సకు, రుథీనియం-106 పూసిన చిన్న వెండి పలకలు కంటిలో వచ్చే క్యాన్సర్‌కు వాడుతున్నారు. కంటి గుడ్డుకు అతికేలా వంచిన పలక అది, పావలా బిళ్లంత. నన్నడిగితే హైడ్రోజన్ కలకంటే ఈ పలక గొప్పది.

పరిశోధకులు మాత్రం రేడియేషన్ దారిని పూర్తిగా వదిలేయలేదు. నీళ్లలో జిర్కోనియం ఆక్సైడ్, టైటానియం ఆక్సైడ్ లాంటి సన్నటి పొడి కలిపితే దిగుబడి పెరుగుతుంది. కిరణం పొడిరేణువులో వదిలిన శక్తి రేణువు అంచుకు చేరి అక్కడ అంటుకున్న నీటి పొరను విడగొడుతుంది. కొన్ని రెట్లు పెరిగిన సందర్భాలున్నాయి. రోజుకు రెండు గ్రాములు పదో పదిహేనో అవుతాయి. అప్పటికీ నా సోలార్ పలక దగ్గరికి రాదు. వ్యర్థంలోంచి రుథీనియం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలు ఏరి, హైడ్రోజన్ యంత్రాల్లో ఉత్ప్రేరకాలుగా వాడుకోవచ్చన్న ఆలోచన నాకు ఇంతకంటే నచ్చుతుంది. అక్కడ లోహం పని చేస్తుంది, కిరణం కాదు. కానీ ఆ లోహాల్లో కొంత రేడియేషన్ మిగిలే ఉంటుంది, అది చల్లారేదాకా ఆగాలి.

దేశం దృష్టి కూడా కరెంటు దారి మీదే ఉంది. 2023 జనవరి 4న కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఒప్పుకుంది. 2030కల్లా ఏడాదికి యాభై లక్షల టన్నులు లక్ష్యం. విశాఖ దగ్గర పూడిమడకలో 2025 జనవరి 8న హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. అది ఎండతో, గాలితో వచ్చే కరెంటు మీద నడవాల్సింది.

మరి నేను 'సగం నిజం' అన్నది దేన్ని పట్టుకుని? మా గుండ్లను పట్టుకుని. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. టన్ను రాతిలో కొద్ది గ్రాముల యురేనియం, దానికి కొన్ని రెట్లు థోరియం ఉంటాయి. రాతి పగుళ్లలో నీళ్లుంటాయి. మా బోరు పడింది ఆ పగుళ్లలోనే. మనిషి పుట్టకముందు నుంచీ ఆ రాయి ఆ నీటిని కొద్దికొద్దిగా విడగొడుతూనే ఉంది. పోగుచేసుకునేంత కాదు. అయితే దాని మీదే బతికేవాళ్లున్నారు. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గనిలో, 2.8 కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్లలోని నీళ్లలో ఒక బ్యాక్టీరియా దొరికింది. దానికి సూర్యుడు తెలియదు. యురేనియం నీటిని విడగొడితే వచ్చే హైడ్రోజనే దాని అన్నం. 2008లో దాని జన్యువులు చదివారు. ఆ నీళ్లలో దాదాపు అదొక్కటే ఉంది, చుట్టాలు పక్కాలు లేకుండా. లాటిన్‌లో దానికి సాహస యాత్రికుడు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. రేడియేషన్ హైడ్రోజన్‌తో బతకాలంటే దానంత చిన్నగా, దానంత నిదానంగా ఉండాలి. కొన్ని వందల ఏళ్లకోసారి రెండుగా చీలినా తొందర లేనివాళ్లకు అది సరిపోతుంది. శంషాబాద్‌లో దిగే విమానానికి సరిపోదు.

నిన్న ఆదివారం మా కుర్రాడికి సెలవు. మేడ మీదికి తీసుకెళ్లి పలక చూపించి ఈ లెక్కంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తరవాత పలక మీద వేలితో ఒక గీత గీశాడు. వేలు నల్లగా వచ్చింది.

"నలభై గ్రాములంటుండ్రు గని సార్, దీన్ని తుడిచి ఎన్ని దినాలైంది?"

బకెట్టు తెమ్మన్నాను.